పాత ఇంటి ద్వారబంధం, గడుసు పిల్లి, తాడు చుట్టిన స్తంభం: రెండేళ్ల వాడకం తరువాత

పిల్లులు గోళ్లు గీరుకోవడానికని అమ్మే సైసల్ తాడు స్తంభాన్ని, అంటే పిల్లుల్ని పెంచేవాళ్లంతా స్క్రాచింగ్ పోస్ట్ అని పిలిచే వస్తువును, మా ఇంట్లో నిలబెట్టి రెండేళ్లు దాటింది. మొదటి వారంలోనే దీని మీద అభిప్రాయం రాసి ఉంటే "శుద్ధ దండగ" అన్న రెండు మాటలతో ముగించేదాన్ని. ఆరో నెలలో రాసి ఉంటే అనవసరంగా ఆకాశానికెత్తేదాన్ని. ఒకసారి తాడు మార్చి, అడుగుపీట కింద రెండుసార్లు చెక్క అమర్చి, బోల్టు ఎన్నిసార్లు బిగించానో లెక్క మరిచిపోయిన తరువాత, ఇప్పుడు దీని మంచిచెడ్డలు చెప్పగలనన్న నమ్మకం కుదిరింది. తీర్పు ముందే చెప్పేస్తాను. వస్తువు మంచిది, దానితో వచ్చిన సూచనల కాగితం మాత్రం పనికిరానిది. పాత ఇంట్లో ఉండేవాళ్లు ఆ కాగితాన్ని పక్కన పెట్టి, తమ ఇంటి నేలనూ తమ పిల్లి అలవాట్లనూ చూసుకుని నిలబెట్టుకుంటేనే ఇది పనిచేస్తుంది.

మా ఇంటి తలుపులూ ద్వారబంధాలూ అన్నీ చెక్కవి. నేల మీద పరిచిన రాతి పలకల్లో ఏ రెండూ ఒకే మట్టంలో ఉండవు. తలుపులు కాలం గడిచేకొద్దీ ఒరిగిపోవడం వల్ల గడియ వేస్తే తప్ప ఒక్కటీ పూర్తిగా మూసుకోదు. మసి అనే మా నల్లపిల్లికి ఈ లోపాలన్నీ సౌకర్యాలే. పిల్లుల జత్రుక, అంటే మెడ కింద అడ్డంగా ఉండే ఎముక, మనుషులకు మాదిరిగా భుజంతో కీలు కలిసి ఉండక కండరాల మధ్య వేలాడుతూ ఉంటుంది కనుక, తల పట్టిన సందులో భుజాలు కూడా పట్టేస్తాయి. అందువల్ల మసికి మూసిన తలుపంటే కొంచెం ఆలస్యంగా తెరుచుకునే తలుపు, అంతే. బీరువాలో ఉతికిన బట్టల మీద పడుకోవడం, సొరుగులోని దారపు ఉండల్ని ఇల్లంతా పరవడం, బల్ల అంచున ఉన్న కలాన్ని మనం చూస్తున్నామని రూఢి చేసుకున్నాకే కింద పడేయడం దాని నిత్యకృత్యాలు. వీటన్నిటినీ నవ్వుతూ భరించగలిగాం. భరించలేనిది ముందు గది ద్వారబంధానికి పట్టిన గతి ఒక్కటే.

ఆ ద్వారబంధం కర్ర పొరలు నిలువుగా ఉంటాయి, ఏళ్ల తరబడి ఎండకూ తేమకూ ఎండుతూ నానుతూ పైపొర మెత్తబడింది. వెనుక కాళ్ల మీద నిలబడి, ముందు కాళ్లు వీలైనంత పైకి చాచి, గోళ్లు దింపి కిందికి లాగే జంతువుకు ఇంతకంటే అనువైన చోటు ఉండదు. సంవత్సరం తిరిగేసరికి నేల నుంచి అరవై, ఎనభై సెంటీమీటర్ల ఎత్తుల మధ్య వేలు పట్టేంత గాడులు పడ్డాయి. రోజూ పొద్దున గడప దగ్గర చెక్క పొట్టు, రంగు పెచ్చులు కుప్పగా పడి ఉండేవి. చెక్క పోతే పోయిందని ఊరుకునేదాన్నేమో గానీ, ఆ పెచ్చులే నన్ను తొందరపెట్టాయి. పాత ఇళ్లలో ఒకదాని మీద ఒకటి వేసిన రంగుల్లో అడుగు పొరలు సీసం కలిసినవై ఉండే అవకాశం ఎక్కువ. ఇళ్లకు వాడే రంగుల్లో సీసాన్ని అమెరికాలో నిషేధించినదే 1978లో. పిల్లి తన గోళ్ల సందుల్లో చిక్కిన ప్రతి రేణువునూ నాకి శుభ్రం చేసుకుంటుంది కనుక, గీరిన రంగు నేరుగా దాని కడుపులోకే పోతుంది. మీ ఇల్లు పాతదై, మీ పిల్లి గీరేది రంగు వేసిన చెక్కనైతే, ఈ సమీక్ష మొత్తంలో మీకు అన్నిటికంటే అవసరమైన వాక్యం ఇదేనని నా అభిప్రాయం.

గీరడాన్ని పిల్లి చేసే తుంటరి పని అనుకున్నంత కాలం ఏ వస్తువు కొన్నా లాభం ఉండదు. పిల్లి గోరు ఉల్లిపాయలాగా పొరలుగా పెరుగుతుంది; మొద్దుబారిన పైపొర ఊడితేనే కింద ఉన్న వాడి గోరు బయటపడుతుంది. గీరేటప్పుడు వెన్నెముక, భుజాలు, నడుము ఒక్కసారిగా సాగుతాయి. అరికాలి మెత్తల మధ్య ఉండే గ్రంథుల నుంచి మన ముక్కుకు అందని వాసన ఆ చోటికి అంటుతుంది, చూస్తే కనబడే గీతలు కూడా మిగులుతాయి. అంటే గోళ్ల సంరక్షణ, వ్యాయామం, "ఇది నా చోటు" అన్న ప్రకటన మూడూ ఒకే పనిలో జరిగిపోతున్నాయి. ఇంతటి పనిని మాన్పించడం కుదరదు, దాని చోటు మాత్రమే మార్చగలం. గోళ్లు తీయించేస్తే సరిపోతుందని సలహా ఇచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ శస్త్రచికిత్సలో తీసేది గోరును మాత్రమే కాదు, దానితో పాటు ప్రతి వేలి చివరి ఎముకను కూడా. న్యూయార్క్ రాష్ట్రం 2019లో దాన్ని నిషేధించింది, చాలా దేశాల్లో అంతకు ముందు నుంచే నిషేధం ఉంది. ఆ సలహా గురించి ఇంతకంటే రాయనవసరం లేదు.

ఈ స్తంభానికి ముందు రెండు వస్తువులు కొని చెయ్యి కాల్చుకున్నాను. మొదటిది నేల మీద పరిచే గట్టి అట్ట పలక. మసి దాన్ని పడక అనుకుంది, ఇప్పటికీ దాని మీదే పడుకుంటుంది. రెండోది కార్పెట్ గుడ్డ చుట్టిన పొట్టి స్తంభం. మోకాలి ఎత్తున్న ఆ స్తంభం ముందు ఒళ్లు విరుచుకోవాలంటే పిల్లి ముడుచుకుని కూర్చోవలసి వస్తుంది, పైగా గుడ్డలోని దారపు ఉచ్చుల్లో గోరు ఇరుక్కుంటుంది. ఒకసారి అలా ఇరుక్కున్నాక మసి దాని వైపు కన్నెత్తి చూడలేదు.

మూడోసారి కొన్నదే ఇది. ఎత్తు తొంభై సెంటీమీటర్లు, స్తంభం వ్యాసం తొమ్మిది, అడుగుపీట నలభై అయిదు సెంటీమీటర్ల చదరం. చుట్టిన తాడు మందం ఎనిమిది మిల్లీమీటర్లు. లోపలిది అట్ట గొట్టం కాదు, గట్టి చెక్క దిమ్మ. కొనేముందు మీరు తప్పకుండా వాకబు చేయవలసిన మొదటి విషయం ఇదే, ఎందుకంటే అట్ట గొట్టానికి బిగించిన బోల్టు కొన్నాళ్లకే గాడి పెద్దది చేసుకుని ఊగడం మొదలుపెడుతుంది. సైసల్ అనేది కలబందలా కనిపించే ఒక అగేవ్ జాతి మొక్క ఆకుల నుంచి తీసే నార. గరుకుగా ఉంటుంది, లాగితే సాగదు, గోరు దిగాక కిందికి లాగుతుంటే చిరచిరమని చిట్లుతుంది. ఆ చిట్లడమే పిల్లికి కావలసింది. తాడు పేనేటప్పుడు నూనె పట్టించే పద్ధతి ఒకటి ఉంది. అలాంటి తాడు డబ్బా విప్పగానే కిరోసిన్ లాంటి వాసన కొడుతుంది, పిల్లి దగ్గరికే రాదు. నేను కొన్నదానికి ఎండుగడ్డి వాసన తప్ప మరేమీ లేదు, అది దీని గొప్ప సుగుణం. బిగించడం సులువు: అడుగు నుంచి ఒకే ఒక పెద్ద బోల్టు, డబ్బాలోనే దానికి సరిపోయే పానా, పది నిమిషాల పని.

ఇక ఆ సూచనల కాగితం సంగతి. "స్తంభాన్ని అడ్డు రాని ఒక మూలలో ఉంచండి" అన్నది అందులో మొదటి మాట. అలాగే ఉంచాను. మసి నాలుగు రోజుల పాటు దాని చుట్టూ తిరిగింది, వాసన చూసింది, మళ్లీ ద్వారబంధం దగ్గరికే వెళ్లింది. గీరడంలో సగం ప్రయోజనం నలుగురూ తిరిగే చోట తన గుర్తు వేయడమే అయినప్పుడు, ఎవరూ చూడని మూలలో ఎందుకు గీరుతుంది? అంగడి పేరు పలక కట్టి దాన్ని అటక మీద దాచుకునేవాళ్లు ఎవరైనా ఉంటారా?

అయిదో రోజున అది జరిగింది. ఏమనిపించిందో గానీ మసి స్తంభం దగ్గరికి వచ్చి, కాళ్లు రెండూ పైకి చాచి, గోళ్లు దింపింది. వంకర నేల మీద అడుగుపీట ఒక మూల పైకి లేచి టక్కున రాతికి కొట్టుకుంది. శబ్దం చిన్నదే, కదలిక కూడా వేలి మందానికి మించదు, కానీ కాలు కాలిన పిల్లి అన్న మాట ఎలా పుట్టిందో నాకు ఆ క్షణంలో అర్థమైంది. తరువాత పది రోజులు అది ఆ గోడ పక్కగా కూడా నడవలేదు. కాగితంలో ఈ విషయమై ఒక్క మాట లేదు. నున్నటి నేల ఉన్న ఇంట్లో వస్తువును పరీక్షించి అమ్ముతారు కాబట్టి, పాత ఇంటి నేల అన్నది ఒకటి ఉంటుందని వాళ్లకు తట్టదు. కుదుపు లేని స్తంభం అన్నది ఎత్తు కంటే, తాడు కంటే ముఖ్యమైన గుణమని నేను ఇప్పుడు ఖాయంగా చెప్పగలను.

దాన్ని సరిచేయడానికి మొదట అడుగుపీట కింద చెక్క చీలికలు పెట్టాను, అవి రెండు వారాల్లో జారిపోయాయి. రెండో ప్రయత్నంగా అరవై సెంటీమీటర్ల చదరపు దళసరి ప్లైవుడ్ ముక్కను తీసుకుని, దాని అడుగున నాలుగు మూలలా రబ్బరు బిళ్లలు, నేల పల్లంగా ఉన్న వైపు రెండు ఎక్కువగా అంటించి, ఆ పలకకు స్తంభం అడుగుపీటను మరలతో బిగించేశాను. అప్పటి నుంచి నా బరువంతా వేసి తోసినా కదలడం లేదు. అంతకంటే ముఖ్యమైన మార్పు చోటుది: మూలలోంచి తీసి, పాడైన ద్వారబంధానికి జానెడు దూరంలో, గది లోపలికి నడిచే దారి పక్కనే నిలబెట్టాను. అందంగా లేదన్నది నిజం. ఇంటికి వచ్చినవాళ్లందరూ "ఇదేమిటి గుమ్మంలో?" అని అడిగి తీరుతారు.

కాగితంలోని రెండో సలహా, పిల్లి ముందు కాళ్లు పట్టుకుని తాడుకు రుద్ది నేర్పమని. దయచేసి ఆ పని చేయకండి. కాళ్లు పట్టుకుంటే ఏ పిల్లి అయినా రక్కుతుంది, పైగా ఆ బలవంతాన్ని స్తంభంతో ముడిపెట్టి గుర్తుంచుకుంటుంది. మూడోది డబ్బాలో ఇచ్చిన క్యాట్‌నిప్ పొడి. పుదీనా కుటుంబానికి చెందిన ఆ మొక్కలోని నెపెటలాక్టోన్ అనే పదార్థం వాసనకు కొన్ని పిల్లులు మైకం కమ్మినట్టు పొర్లాడతాయి, కొన్నిటికి ఏమీ కాదు. అది పుట్టుకతో వచ్చే గుణం, కూనల్లో మొదటి కొన్ని నెలలు అసలే కనిపించదు. మసి ఆ పొడి మీద తుమ్మి వెళ్లిపోయింది. ఇలాంటి పిల్లులున్నవాళ్లు సిల్వర్ వైన్ అనే తీగ పొడిని ప్రయత్నించవచ్చు: 2017లో ప్రచురించిన ఒక పరిశీలనలో వంద పిల్లుల్లో దాదాపు 80 శాతం దానికి స్పందించాయి, క్యాట్‌నిప్‌కు చలించని వాటిలో కూడా ఎక్కువ భాగం స్పందించాయి. మా ఇంట్లో చిటికెడు పొడి తాడు మీద రుద్దిన రోజున మసి స్తంభాన్ని కావలించుకుని గడ్డం రాసుకుంది. అయితే గీరడం ఆ పొడి వల్ల మొదలైందని చెప్పలేను, ఎందుకంటే అదే వారంలో ద్వారబంధాన్ని కూడా మూసేశాను.

ఆ మూయడంలో నేను చేసిన పొరపాటును మీరు చేయకూడదని రాస్తున్నాను. పిల్లికి జిగురు గిట్టదు కనుక రెండు వైపులా అంటుకునే టేపును గీరే చోట అతికించమని అందరూ చెబుతారు. కొత్త చెక్కకూ సోఫాలకూ అది మంచి ఉపాయమే కావచ్చు. పాత రంగు మీద అతికించి నెల తరువాత పీకితే, టేపుతో పాటు మూడు పొరల రంగు అరచేతి మేర ఊడి వచ్చింది. పిల్లి సంవత్సరం పాటు చేసిన నష్టానికి సరితూగే నష్టం నేను ఒక్క నిమిషంలో చేశాను. ఆపైన గాడుల్ని తడిగుడ్డతో తుడిచి, దళసరి ప్లాస్టిక్ షీటును ద్వారబంధం చుట్టూ తిప్పి తాడుతో కట్టాను. నున్నటి షీటు మీద గోరు దిగదు, జారిపోతుంది. ఎదురుగా జానెడు దూరంలో గోరు దిగే తాడు ఉంది. పన్నెండో రోజు తెల్లవారుజామున చిరచిరమన్న శబ్దానికి మెలకువ వచ్చి చూస్తే, మసి స్తంభం మీద నిలువునా సాగి ఉంది. చప్పుడు చేయకుండా తిరిగి పడుకున్నాను.

పిల్లి గోళ్లు గీరుకునే సమయాల్లో ముఖ్యమైనది నిద్ర లేచిన వెంటనే. చాలా పిల్లులు తెల్లవారుజామునా చీకటి పడే వేళా ఎక్కువగా తిరుగుతాయి, మిగతా రోజులో సగానికి పైగా కునుకు తీస్తాయి, లేచిన ప్రతిసారీ ఒళ్లు విరుచుకుంటాయి. మసి పడుకునే కిటికీకి, ద్వారబంధానికి మధ్య దారిలోనే స్తంభం ఉండటం మాకు కలిసొచ్చింది. ఇప్పుడు రోజుకు అయిదారుసార్లు వాడుతుంది.

రెండు నెలలు గడిచాక ఆ ప్లాస్టిక్ షీటు తీసేసి, చేతులకు తొడుగులు వేసుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని, గాడుల్ని పూడ్చి రంగు వేయించుకున్నాం. పాత రంగును పొడిగా గరుకు కాగితంతో రుద్దకుండా తడిపి తీయడం మంచిది, సీసపు దుమ్ము మనుషులకూ మంచిది కాదు. తరువాత స్తంభాన్ని ద్వారబంధం నుంచి రోజుకు రెండు వేళ్ల చొప్పున గది లోపలికి జరపడం మొదలుపెట్టాను. తొందరపడి ఒక్కసారే మీటరు దూరం జరిపిన రోజున మసి మళ్లీ ద్వారబంధం దగ్గరికి వెళ్లి, కొత్త రంగు మీద రెండు గీతలు పెట్టింది. అవి ఇప్పటికీ ఉన్నాయి.

జరిపి జరిపి తెచ్చి నిలబెట్టిన చోటు పుస్తకాల అలమారు పక్క. ఇక్కడ నా బుద్ధి పనిచేయలేదని ఒప్పుకోవాలి. తొంభై సెంటీమీటర్ల గట్టి స్తంభం, దాని పక్కన అలమారు, అలమారు పైన అటక, అటకకు తలుపు లేదు. గీరడానికి కొన్న వస్తువు మూడు రోజుల్లో నిచ్చెన అయింది. ఒక అర్ధరాత్రి పైకప్పు దూలాల మీద నుంచి ఏళ్ల నాటి దుమ్ము మంచం మీదికి ధారగా రాలుతుంటే దీపం వేసి చూశాం. రెండు ఆకుపచ్చని కళ్లు దూలం చివర నుంచి మమ్మల్నే ఏదో తప్పు చేసినవాళ్లలా చూస్తున్నాయి. స్తంభం కదలకుండా ఉండటానికి నేను పడ్డ శ్రమంతా దాని దూకుడుకు బాగా అక్కరకొచ్చిందన్నమాట. ఎత్తైన సామాను నుంచి మీటరున్నరకు తగ్గకుండా దూరంలో ఉంచండి అన్నది ఆ కాగితంలో రాసి ఉండవలసిన మరొక మాట.

మన్నిక విషయంలో నాకు పెద్దగా ఫిర్యాదు లేదు. ఎనిమిదో నెల నుంచి పై ముప్ఫై సెంటీమీటర్ల మేర తాడు చింపిరి జుట్టులా లేచింది. చూడటానికి అసహ్యంగా ఉన్నా పిల్లికి అప్పుడే అది పూర్తిగా తనదవుతుంది, కాబట్టి అప్పుడే పారేసి కొత్తది తేకండి. పోగులు తెగి వేలాడటం మొదలయ్యాక, సుమారు ఏడాదిన్నరకు, ఆ భాగం వరకే తాడు మార్చాను. లెక్క సులువే: ముప్ఫై సెంటీమీటర్లను ఎనిమిది మిల్లీమీటర్ల తాడుతో కప్పడానికి 38 చుట్లు పడతాయి, ఒక్కో చుట్టుకు దాదాపు 31 సెంటీమీటర్లు, మొత్తం పన్నెండు మీటర్లు. నూనె పట్టించని తాడునే అడిగి తెచ్చుకోవాలి. కింది సగం ఇంకా కొత్తదానిలాగే ఉంది. దిమ్మను తిప్పి తలకిందులుగా బిగించుకునే వీలుంటే ఆ సగం కూడా వాడకంలోకి వచ్చేది, పై చివర బోల్టు గాడి లేనందువల్ల అది కుదరలేదు.

అసలైన దోషం తాడు మార్చినప్పుడు బయటపడింది. తాడు చివరను పైభాగాన స్టేపుల్ పిన్నులతో కొట్టి, మీద టోపీ లాంటి మూత పెట్టి కప్పేశారు. ఆ పిన్నుల్లో ఒకటి అప్పటికే సగం ఊడి ఉంది. పిల్లి నాలుక మీద ఉండే ముళ్లు వెనక్కు తిరిగి ఉంటాయి కనుక నోట్లోకి వెళ్లిన పోగును ఉమ్మేయడం దానికి కష్టం. పొడవాటి దారమో పీచో మింగితే పేగులు మడతలు పడి ప్రాణం మీదికి వస్తుంది. పిన్ను సంగతి చెప్పనే అక్కరలేదు. నేను పిన్నులన్నీ పీకేసి, చివరను విషం లేని చెక్క జిగురుతో అంటించి, రాత్రంతా కట్టి ఉంచాను. ఇప్పుడు వేలెడు కంటే పొడవుగా వేలాడే పోగులు కనబడితే వారానికోసారి కత్తిరిస్తాను. బోల్టు నెలకొకసారి వదులవుతుంది, బిగించాలి. తేమ పట్టే గోడలున్న ఇళ్లలో మరొక చిక్కు: నార చెమ్మ పీల్చుకుని ముక్కవాసన వేస్తుంది. గోడకు ఆనించకుండా ఉంచి, అప్పుడప్పుడూ ఎండలో పెడితే పోతుంది. నీళ్లతో కడిగితే తాడు మొదట బిగిసి తరువాత వదులవుతుంది, పైగా పిల్లి అంటించిన వాసన పోయి దానికి అది మళ్లీ కొత్త వస్తువవుతుంది.

ఈ స్తంభం అందరికీ సరిపోతుందని చెప్పను. తివాచీలనో నేల మీది చాపలనో గీరే పిల్లికి ఇది దండగ, దానికి వాలుగా పడి ఉండే పలక కావాలి. కీళ్లు పట్టేసిన ముసలి పిల్లికి ఈ ఎత్తుతో పని లేదు. మీ పిల్లి దేన్ని ఎంచుకుందో, అక్కడ గీతలు నిలువుగా ఉన్నాయో అడ్డంగా ఉన్నాయో, నేల నుంచి ఎంత ఎత్తులో ఉన్నాయో టేపు పెట్టి కొలిచి, ఆ పై గీత కంటే కనీసం జానెడు ఎక్కువ ఎత్తున్నదాన్ని కొనండి. ఇంట్లో రెండు పిల్లులుంటే రెండు స్తంభాలు తప్పవు. చదునైన నేల ఉన్న కొత్త ఇంట్లో వాళ్లకు నేను పడ్డ పాట్లలో సగం ఉండవు. అయిదుకు నాలుగు ఇస్తాను. తగ్గించిన ఆ ఒక్కటీ పిన్నులకు. కాగితానికి వేరే తగ్గించలేదు, దాన్ని మసి ఎప్పుడో చింపేసింది.

ముందు గది ద్వారబంధం ఇప్పుడు క్షేమం. స్తంభం అడుగున రోజూ ఊడ్చేటప్పుడు చంద్రవంక ఆకారంలో ఊడిన గోటి పొరలు ఒకటో రెండో దొరుకుతూ ఉంటాయి. వెనుక గది ద్వారబంధం మీద మాత్రం పోయిన నెల నుంచి సన్నటి గీతలు కనబడుతున్నాయి, నేల నుంచి డెబ్భై రెండు సెంటీమీటర్ల ఎత్తున. రెండో స్తంభానికి కొలతలు తీసుకున్నాను, ఈసారి ప్లైవుడ్ పలక ముందే కోయించి పెట్టాను.